తుపాకీ మీద కప్పిన శాలువా

కూర్చో నాన్నా. అలా కుర్చీ అంచున కాదు, వెనక్కి జరిగి సరిగ్గా కూర్చో. మధ్యలో లేచి వెళ్ళావంటే నాకు వరస తప్పుతుంది. ఆ ఫోన్ ఇటు తిప్పి పెట్టు, రికార్డ్ అవుతోందో లేదో ఒకసారి చూసుకో. నేను చెప్పింది చెప్పినట్టే రాయి. నీ ఇంగ్లీష్‌లోకి తర్వాత మార్చుకుందువుగాని.

ఏమడిగావు నువ్వు? నడుముకి తుపాకీ తగిలించుకుని, అందరికీ కనబడేలా తిరిగేవాళ్ళని అప్పట్లో జనం ఏమనుకునేవాళ్ళు అని కదా. దేశం మొత్తం ఏమనుకుందో నాకేం తెలుసు. నాకు తెలిసింది ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పెద్దాయన. అది చెబుతాను. మీ ప్రొఫెసర్‌కి పనికొస్తే పనికొస్తుంది, లేకపోతే లేదు.

ఈ కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో కూర్చుని చెబితే నమ్మబుద్ధి కాదు. డెబ్బైల చివర్లో మేం అరిజోనాలో ఒక రాగి గని ఊళ్ళో ఉండేవాళ్ళం. మీ తాతయ్యకి ఆ గనిలో ఇంజనీరు ఉద్యోగం. ఊరంటే ఒక బజారు, ఒక స్కూలు, చుట్టూ ఎర్ర కొండలు. మన తెలుగు మొహం చూడాలంటే ఫీనిక్స్ దాకా వెళ్ళాల్సిందే. మా ఇల్లు ఊరికి దూరంగా, కొండ వాలులో ఉండేది. గని వాళ్ళ వ్యాన్ పొద్దున్నే వచ్చి మీ తాతయ్యని ఎక్కించుకుపోయేది. కారు ఇంటి ముందు పడి ఉండేది, నడిపేవాళ్ళు లేక. నాకు డ్రైవింగ్ రాదు మరి.

ఊరికి కొత్తలో సరుకుల కొట్టుకి వెళ్ళాను. బిల్లు కట్టే లైన్లో నా ముందు ఒకతను నిలబడ్డాడు. నడుముకి తోలు బెల్టు, బెల్టుకి తోలు సంచి, అందులోంచి తుపాకీ పిడి బయటికి కనబడుతోంది. ఇండియాలో మా ఊళ్ళో బ్యాంకు గేటు దగ్గర ఒకాయన స్టూలు మీద కూర్చుని, పొడుగు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతుండేవాడు. అప్పటిదాకా నేను దగ్గర్నుంచి చూసిన తుపాకీ అదొక్కటే. మీ అమ్మని నా వెనక్కి లాక్కుని చుట్టూ చూశాను, ఎవరైనా పోలీసుని పిలుస్తారేమోనని. బిల్లు కొట్టే అమ్మాయి తీరిగ్గా అతని పంటినొప్పి సంగతి అడుగుతోంది. లవంగం పెట్టుకోమంటోంది. తుపాకీ వైపు ఒక్కళ్ళూ చూడటం లేదు. అందరూ చూస్తున్నది నా చీరనీ, నా బొట్టునీ.

అదీ ఆ ఊరి తీరు. అక్కడ వింత నేను, ఆ తుపాకీ కాదు.

"అది లీగలేనా అమ్మమ్మా?" అంటున్నావు. లీగలే. దానికే వస్తున్నాను, తొందరపడకు.

మా ఇంటి పక్కన, మధ్యలో ఖాళీ జాగా దాటితే, ఒక పెద్దాయన ఇల్లు. భార్య పోయింది. కూతురికి వేరే ఊళ్ళో నర్సు ఉద్యోగం, అందుకని మనవరాలు ఈయన దగ్గర పెరుగుతోంది. ఒకప్పుడు గనిలో చేశాడట, అప్పటికి రిటైరై నాలుగు ఆవులూ ఒక గుర్రమూ పెట్టుకున్నాడు. పొద్దున లేచింది మొదలు ఆయన నడుముకి ఆ తుపాకీ ఉండాల్సిందే. మీ తాతయ్య జేబులో పెన్ను పెట్టుకున్నట్టు పెట్టుకునేవాడు. పాములున్నాయనేవాడు. నిజంగానే ఉండేవి. కానీ పాముల కోసమైతే పోస్టాఫీసుకి కూడా ఎందుకు చెప్పు.

మీ అమ్మకి అప్పుడు ఆరేళ్ళు. స్కూలు బస్సు మా రోడ్డు దాకా వచ్చేది కాదు. ఈ పెద్దాయనే తన ట్రక్కులో మనవరాలితో పాటు మీ అమ్మనీ స్కూల్లో దింపి, సాయంత్రం తెచ్చేవాడు. అడక్కుండానే మొదలుపెట్టాడు. మా ఇంటి ముందు ఆపి, దిగి, మీ అమ్మని ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఇంకో సంగతి. మీ అమ్మ ఇప్పుడు మీటింగుల్లో గంటలకి గంటలు మాట్లాడుతుంది గానీ, అప్పుడు స్కూల్లో నోరు విప్పేది కాదు. ఇంగ్లీష్ అర్థమయ్యేది, మాట బయటికొచ్చేది కాదు. టీచరు నన్ను పిలిచి, పిల్లకి వినబడుతుందా అని అడిగింది. ఆ మనవరాలొక్కదానితోనే గుసగుసగా మాట్లాడేది. ఆ పిల్ల పక్కన లేని రోజు అన్నం డబ్బా కూడా తెరిచేది కాదు.

కాబట్టి ఆ ట్రక్కు రాకపోతే మీ అమ్మకి స్కూలూ లేదు, స్నేహమూ లేదు. అది గుర్తుపెట్టుకో.

నేను మాత్రం రోజూ పొద్దున్నే ఆ ట్రక్కు కనుమరుగయ్యేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఒకే పొడుగు సీటు, ఆయన పక్కన ఇద్దరు పిల్లలు, ఆయన నడుముకి అది.

"పిల్లని అలా పక్కన కూర్చోబెట్టి పంపడం ఏమిటండీ?" అన్నాను మీ తాతయ్యతో.

"పంపకపోతే నువ్వు నడిపించి తీసుకెళతావా?"

"ఆయన్ని ఒక మాట అడగకూడదూ, పిల్లలున్నప్పుడు తీసేయమని?"

"సాయం చేస్తున్న మనిషిని పట్టుకుని నీ వేషం బాగాలేదని ఎలా చెబుతాం? ఊరుకో."

ఊరుకున్నాను. మన పద్ధతే అంత కదా, మొహమాటం.

ఏప్రిల్‌లో మీ అమ్మ పుట్టినరోజు వచ్చింది. ఫీనిక్స్ నుంచి ఒక డాక్టరుగారి కుటుంబాన్ని పిలిచాం. ఆయన భార్యని నేను అక్కయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, తెలుగు మాట్లాడే మనిషి దొరికితే అక్కయ్యే ఆ రోజుల్లో. ముందురోజు ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఊరు రావాలంటే నాకు గుండె దడే తల్లీ. పోయినసారి పెట్రోలు బంకులో కూడా ఒకడు తగిలించుకుని నిలబడ్డాడు. ఆ పక్కింటాయన రాడు కదా?"

"వస్తాడక్కయ్యా. ఆ పిల్ల లేకపోతే మా పిల్లకి పుట్టినరోజే లేదు."

"అయితే మా వాళ్ళని కార్లోనే కూర్చోబెడతాను. కేకు కిటికీలోంచి అందించు."

నవ్వుతూనే అంది, కానీ అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. నేను ఫోన్ పెట్టేసి తల పట్టుకుంటే మీ తాతయ్యకి ఒక ఉపాయం తట్టింది. ఆయనకి ఉపాయం తట్టిందంటే నాకు భయం.

"పెద్దాయన్ని సన్మానిద్దాం" అన్నాడు.

"ఏమిటీ?"

"మన పిల్లకి ఇంత చేస్తున్నాడు, నలుగురిలో శాలువా కప్పుదాం. మన పెళ్ళికి నాకు పెట్టారే, ఆ కాశ్మీరు శాలువా. మనిషి మోకాళ్ళ దాకా వస్తుంది. గౌరవానికి గౌరవం, ముసుగుకి ముసుగు."

"ఈ ఎండల్లో శాలువా ఏమిటండీ, మనిషి ఉడికిపోతాడు."

"ఫొటోలు తీసినంత సేపేగా. కూలర్ ముందు నిలబెడదాం."

మర్నాడు పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో, బూట్లు తీసి రావాలండీ అన్నాను. అలాగే మ్యామ్ అని, వంగి, కష్టపడి ఆ పొడుగు బూట్లు రెండూ లాగాడు. మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. అది చూసి ఆయన సిగ్గుపడ్డాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. నడుము దగ్గరది మాత్రం అక్కడే ఉంది. అక్కయ్య వంటింట్లోంచి తొంగి చూసి నా చెయ్యి గిల్లింది. వాళ్ళ పిల్లలిద్దర్నీ తన కొంగు వెనక పెట్టుకుంది.

మీ తాతయ్య గొంతు సవరించుకుని ఇంగ్లీష్‌లో చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మా దేశంలో పెద్దల్ని ఇలా గౌరవిస్తాం అన్నాడు. శాలువా విప్పి ఆయన భుజాల చుట్టూ కప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దాయన మొదట మురిసిపోయాడు. ఆ అంచు మీద కుట్టుపని వేళ్ళతో తడిమి, దీన్ని చేత్తోనే కుట్టారా అని అడిగాడు కూడా. తర్వాత ఎందుకో కుడివైపు కిందికి చూసుకున్నాడు. శాలువా తప్ప ఏమీ కనబడలేదు. మొహంలో నవ్వు పోయింది.

శాలువా ఆ పక్క కొంచెం వెనక్కి తోసుకున్నాడు. జారిపోతోందనుకుని మీ తాతయ్య ముందుకి లాగి సర్దాడు. ఆయన మళ్ళీ వెనక్కి తోశాడు. మీ తాతయ్య మళ్ళీ ముందుకి లాగాడు, పైగా ఆ కొస తెచ్చి ఆయన చేతికే ఇచ్చి, ఇలా పట్టుకోండి సర్ అన్నాడు. పెద్దాయన శాలువా తీసేశాడు. విసరలేదు సుమా. చక్కగా నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టాడు. థ్యాంక్యూ మ్యామ్ అని నాతో అని, మనవరాలిని పిలిచి, గుమ్మంలో బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కేకు ఇంకా కొయ్యనే లేదు.

అక్కయ్య బుగ్గలు నొక్కుకుంది. "కప్పిన శాలువా తీసి కుర్చీ మీద పడేసి పోతాడా? మా వైపైతే దీన్ని మొహాన కొట్టడం అంటారు."

"మర్యాద తెలియని మనిషి" అన్నాడు మీ తాతయ్య. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకి.

మీ అమ్మ కేకు కోయనంది. ఎంత బతిమాలినా కోయనంది. చివరికి అక్కయ్య వాళ్ళ చిన్నవాడు కోశాడు.

సోమవారం ట్రక్కు రాలేదు. బ్యాగు తగిలించుకుని మీ అమ్మ మెట్ల మీద కూర్చుంది. ఆయన ట్రక్కు మా ఇంటి ముందు నుంచే దుమ్ము రేపుకుంటూ పోయింది. కిటికీలోంచి ఆ పిల్ల మొహం కనబడింది. చెయ్యి ఊపబోయి ఆపేసుకుంది. నేను పిల్లని నడిపించుకుని వెళ్ళాను. ఆ కొండ దారి, ఆ ఎండ, చీర కుచ్చిళ్ళ నిండా ముళ్ళు. స్కూలు చేరేసరికి మొదటి క్లాసు అయిపోయింది. దారంతా ఒకటే ప్రశ్న, "అమ్మా, తనకి నా మీద కోపమా?" అని. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను. అన్నం డబ్బా మూత తీయలేదు.

ఆ రాత్రి మీ తాతయ్య, "వచ్చే ఏడు ఇంగ్లీష్ వచ్చాకే పంపుదాంలే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీష్ ఇంట్లో కూర్చుంటే వస్తుందా?

మర్నాడు మధ్యాహ్నం, ఫ్రిజ్‌లో మిగిలిన కేకు ఒక పళ్ళెంలో పెట్టుకుని ఆ ఖాళీ జాగా దాటి వెళ్ళాను. మీ తాతయ్యకి చెప్పలేదు, చెబితే వెళ్ళనివ్వడు. పెద్దాయన వరండాలో కూర్చుని జీనుకి నూనె రాస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. తనే మొదలుపెట్టాడు.

"మ్యామ్, మీరు మంచి మనుషులనుకున్నాను. నలుగురి ముందు నన్ను దొంగలా నిలబెట్టారు."

"దొంగా? మేం కప్పింది గౌరవానికి."

"నా తుపాకీ మీద గుడ్డ కప్పారు. ఇక్కడ పైకి కనబడేలా పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. దాచుకుంటే అది నేరం. చట్టం సంగతి వదిలేయండి, దాచుకుని ఒక ఇంట్లోకి వెళ్ళేవాడు ఏ ఉద్దేశంతో వెళతాడు? మా నాన్న నాకు నేర్పిన మొదటి మాట అది. నేను తీస్తుంటే మీ ఆయన మళ్ళీ మళ్ళీ కప్పుతాడు."

ఇప్పుడర్థమైందా లీగల్ సంగతి? కనబడటమే అక్కడ మర్యాద. కనబడితే ఎదుటివాడికి ఊహించుకునే పనుండదు అనేవాడాయన. మనమేమో కనబడకుండా చెయ్యడమే మర్యాద అనుకున్నాం.

నేను మాత్రం అబద్ధం చెప్పదలచుకోలేదు. వచ్చీరాని ఇంగ్లీష్‌లోనే అన్నాను, "గౌరవం నిజమే. కానీ అది కనబడకూడదనే కప్పాం. మా వాళ్ళు భయపడతారని. నాకూ భయమే. రోజూ మా పిల్ల మీ ట్రక్కు ఎక్కుతుంటే నాకు భయమే."

ఆయన జీను పక్కన పెట్టాడు.

"మరి చెప్పొచ్చుగా? బూట్లు తీయమన్నారు, తీశాను. అదీ తీసి రమ్మంటే ట్రక్కులో పెట్టి వచ్చేవాణ్ణి. మీ ఇల్లు, మీ ఇష్టం."

నాన్నా, అంత మాట నాకు తట్టనే లేదు. ఇంటికొచ్చిన మనిషిని అలా అడగొచ్చని, అడిగితే ఆయన తప్పుగా అనుకోడని. మేమిద్దరం రాత్రి కూర్చుని శాలువా వెతికాం గానీ, నోరు తెరిచి ఒక్క మాట అడగాలనుకోలేదు.

అయితే ఇప్పుడే అడిగేద్దామని, "పిల్లలున్నప్పుడు ట్రక్కులో కూడా తీసేస్తారా?" అన్నాను.

"లేదు మ్యామ్" అన్నాడు, ఏ కోపమూ లేకుండా. "అది నా ట్రక్కు. మీ పిల్లని రేపటి నుంచి మళ్ళీ తీసుకెళతాను, సంతోషంగా. కానీ నేను ఇలాగే ఉంటాను. మీకు ఇష్టమైతే పంపండి."

ఆయన చెప్పింది అర్థమైంది. ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆయన మంచివాడు కాడని కాదు. మంచివాళ్ళ దగ్గర కూడా సీటు మీద పిల్లలు ఎగురుతారు, తోసుకుంటారు. అలాగని ఇంట్లో కూర్చోబెట్టుకుంటే పిల్ల మూగదైపోతుంది. వాళ్ళ వరండాలోంచి చూస్తే మా కారు కనబడుతోంది, అద్దాల మీద దుమ్ముతో. అప్పుడు వచ్చేసింది నోట్లోంచి.

"నాకు డ్రైవింగ్ నేర్పిస్తారా?"

ఆయన ఆ కారు వైపు చూశాడు, నా చీర వైపు చూశాడు. "మీ ఆయన నేర్పడా?"

"ఆయన నేర్పితే మేమిద్దరం విడాకులు తీసుకోవాలి" అన్నాను. అప్పుడు నవ్వాడు పెద్దాయన. కేకు తిన్నాడు.

నేర్చుకునే రోజుల్లో మీ అమ్మని ఆయన ట్రక్కులోనే పంపాను. గుండె చిక్కబట్టుకుని పంపాను. వేరే దారి లేదు. మధ్యాహ్నాలు నాకు పాఠాలు. మొదటిరోజు ఆయన మా కారు దగ్గరికి వచ్చి, తలుపు తీయబోయి ఆగి, నావైపు చూశాడు. "మీ కారు" అన్నాడు. "మా కారే" అన్నాను. వెనక్కి వెళ్ళి, బెల్టు విప్పి, ఇంట్లో పెట్టి, తాళం వేసుకుని వచ్చాడు. ఆ తర్వాత నేను ఎప్పుడూ చెప్పాల్సిన పని రాలేదు. బెల్టు లేకపోతే ఆయన నడక కూడా మారిపోయేది. ఒక పక్క బరువు తగ్గి, ఏదో మర్చిపోయినవాడిలా నడుము తడుముకుంటూ వచ్చేవాడు. నేను క్లచ్ వదిలిన తీరుకి తల డాష్‌బోర్డుకి కొట్టుకున్నా, పర్వాలేదు మ్యామ్ అనేవాడు. గుర్రం కంటే నయం అనేవాడు.

మీ తాతయ్య కొన్నాళ్ళు అలిగాడు. శాలువా తిప్పికొట్టిన మనిషి దగ్గర పాఠాలా అని. నేను విషయం చెప్పాక, "చట్టం అలా ఉందని నాకేం తెలుసు" అన్నాడు. ఆ ఆదివారం ఆయనే వెళ్ళి పెద్దాయనతో కలిసి కంచెకి మేకులు కొట్టి, చేతుల నిండా బొబ్బలతో వచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

తర్వాత ఎనభైల్లో ఈ కాలిఫోర్నియాకే, సన్నీవేల్ వచ్చేశాం కదా. అక్కడ మన వాళ్ళ ఇళ్ళల్లో ఈ సంగతి చెబితే వినేవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. నడుముకి తుపాకీతో మనిషి వీధిలో కనబడితే ఆ ఊళ్ళో తలుపులు వేసుకుంటారు. "అలాంటివాడితో మీరు కార్లో తిరిగారా?" అనేవాళ్ళు. తీసేసి వచ్చేవాడు తల్లీ అంటే, "అయినా సరే" అనేవాళ్ళు. దేశం ఒకటే, ఒక రోజు ప్రయాణం దూరం. ఒకచోట పంటినొప్పి గురించి మాట్లాడుకుంటారు, ఒకచోట తలుపులు వేసుకుంటారు. నేను రెండు చోట్లా ఉన్నాను. ఇప్పటికీ నాకు తుపాకీ అంటే భయమే, అది కూడా రాసుకో. కానీ ఆ పెద్దాయన అంటే భయం పోయింది. రెండూ వేరని మీ ప్రొఫెసర్‌కి చెప్పు.

ఎక్కడున్నాం? ఆఁ, లైసెన్సు. వచ్చింది, రెండోసారికి. వేసవి సెలవులు అవ్వగానే కొత్త క్లాసు మొదలైన రోజు, మీ అమ్మని నేనే ఎక్కించుకుని బయల్దేరాను. వాళ్ళింటి ముందు ఆపేసరికి ఆ పిల్ల అప్పటికే రోడ్డు మీద నిలబడి ఉంది. ఎగిరి వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఇద్దరూ ఒకటే కబుర్లు, మీ అమ్మ గొంతు పైకి వినబడుతోంది, ఇంగ్లీష్‌లో, గుసగుస కాదు. పెద్దాయన నెమ్మదిగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. పొద్దున్నే కదా, నడుముకి ఉంది, ఆయన ఇల్లు ఆయనిష్టం. పైకప్పు మీద చెయ్యి వేసి వంగి, వాగు దగ్గర మలుపులో బ్రేకు మీద కాలు ఉంచండి మ్యామ్ అన్నాడు. సరే అన్నాను. వెళ్ళబోతూ మళ్ళీ వంగి, అప్పుడన్నాడూ, నా మనవరాల్ని మీ చేతిలో పెడుతున్నాను, మరి నాకు కూడా కొంచెం భయంగానే...

ఆఁ, వినబడిందే, వస్తున్నాం. మీ అమ్మే, వడ్డించేసిందట, చారు చల్లారిపోతోందట. లే నాన్నా, ఆ ఫోన్ ఆపి ముందు చేతులు కడుక్కో.